నీ కోసం చేయించిన గుండు కాదు

అన్నయ్యా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీ పెద్దకర్మకు గుండు చేయించాక నీ కొడుక్కి జుట్టు మళ్ళీ ఒత్తుగా పెరిగింది. దాన్ని పోయిన వారం పోలీసులు గీసేశారు.

మిరప తోటలకు నీళ్ళు వదలడం లేదని మన రైతులు గవర్నమెంటు మీద రాస్తారోకో చేశారు. నువ్వుంటే ముందు వరసలో కూర్చునేవాడివి. నీ బదులు వాడు కూర్చున్నాడు. పెద్దవాళ్ళను సాయంత్రానికి వదిలేసి, వీణ్ణి మాత్రం స్టేషన్లో ఉంచుకున్నారు. నేనూ వదినా వెళ్ళేసరికి తల నున్నగా గొరిగి, గోడ పక్కన గొంతుక్కూర్చోబెట్టారు.

"పదో తరగతి పిల్లోడయ్యా!" అన్నాను.

"జుట్టేగదమ్మా, మళ్ళా మొలుస్తది. ఈసారి రోడ్డెక్కేముందు తల తడుముకుంటాడు," అని ఎస్సై నవ్వాడు. కానిస్టేబుళ్ళూ నవ్వారు. చిన్నపిల్లాడి తల గొరిగి నవ్వుకునే వీళ్ళకు ఒంటి మీద యూనిఫాం ఒకటి! 

పొద్దున మాచర్ల నుంచి బాబాయి వచ్చాడు. నీ కొడుకు తల నిమిరి, "నాయనంటే ఎంత ప్రేమరా నీకు! ఏడాదికి గూడా గుండు చేయించుకున్నావే," అని కళ్ళు తుడుచుకున్నాడు. వదిన తల దించుకుంది. పోనీలే, అలాగే అనుకోనిమ్మని నేనూ మాట్లాడలేదు.

వాడు ఊరుకోలేదు. చుట్టాలందరికీ వినపడేలా అన్నాడు.

"నాన్న కోసం గాదు తాతా. నీళ్ళడిగానని పోలీసోళ్ళు గొరిగారు. ఆ పాడుపనికి మా నాన్న పేరు పెట్టమాక."