అలవాటైన పావుగంట

గ్రైఫ్స్‌వాల్డ్,
2023 సెప్టెంబరు 11.

ప్రియమైన గ్రాసాకు,

నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా మోకాళ్లు తప్ప మిగతా అంతా క్షేమం.

మీ కొయింబ్రా యూనివర్సిటీ నుంచి ఒప్పందం కాగితాలు చేరాయి. ఇంకో ఏడేళ్లు మీ విద్యార్థులు ఇక్కడికి, మావాళ్లు అక్కడికి. అక్టోబరు నాలుగున సంతకాలకు నువ్వే వస్తున్నావని తెలిసి మా ఆఫీసులో అందరికీ చెప్పుకు తిరిగాను. తర్వాత నీ ఉత్తరం చదివాను. కొత్త విద్యార్థుల ముందు నన్ను పక్కన నిలబెట్టుకుని ఆ పాత పరీక్ష కథ చెబుతానన్నావు. గ్రాసా, ఈసారి ఆ కథ వద్దు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ నా సంగతి నీకు తెలుసుగా, డొంకతిరుగుడు లేకుండా ఏదీ చెప్పలేను.

మొన్న మన హాస్టల్ వైపు వెళ్లాను. రంగు మార్చారు. మూడో అంతస్తులో మన కిటికీ మాత్రం అలాగే ఉంది. నువ్వు ఎండుచేప నానబెట్టి రెండు రోజులు వంటగది సింకు ఆక్రమించావు, గుర్తుందా? పక్కగది ఉటె ముక్కు మూసుకుని వచ్చి, ఇక్కడెవరైనా చచ్చారా అని అడిగింది. ఆ మాట మా అమ్మమ్మ వింటే నిన్ను చంపుతుంది, అప్పుడు నిజంగానే ఒకరు చచ్చినట్టు అని నువ్వు గరిటె చూపించావు. ఆదివారం రెండోసారి వడ్డించుకున్నది ఆ ఉటేనే. నువ్వు రాకముందు ఏడాదంతా ఆ గదిలో నేనొక్కదాన్నే. నువ్వున్న ఏడాది నవ్వినంతగా నేను మళ్లీ నవ్వలేదు.

నోటీసు బోర్డు మీద పది అని ఉంటే ఇక్కడ క్లాసు పదింపావుకి మొదలవుతుందని నీకు చెప్పింది నేనే. అప్పటిదాకా పదికే వెళ్లి ఖాళీ బెంచీల మధ్య కూర్చునేదానివి. జర్మన్లు ఆలస్యానికి కూడా టైము పెట్టుకున్నారని మా ఊళ్లో చెబితే ఎవరూ నమ్మరే, అని వెక్కిరించేదానివి. వారం తిరక్కుండా ఆ పావుగంట మాకంటే నీకే ఎక్కువ అలవాటైంది.

జూలైలో నోటి పరీక్షకూ అలాగే పదీ పదికి, తడి జుట్టుతో, తీరిగ్గా వెళ్లావు. ఆ ఒక్క రోజే సరిగ్గా పదికి మొదలుపెట్టారు. పరీక్ష తీసుకునే ప్రొఫెసర్ బ్రూగ్‌మన్ గారు గడియారం చూపించి, పద్ధతి పద్ధతేనమ్మా, సెప్టెంబరులో రా అన్నారు. ఆ మార్కు లేకపోతే కొయింబ్రాలో నీ ఏడాది లెక్కలోకి రాదు. అంత దూరం వెళ్లి మళ్లీ రావడం దండగని ఇక్కడే ఉండిపోయావు.

ఎంత మంచి వేసవి అది! సైకిళ్ల మీద సముద్రం ఒడ్డున వీక్ అనే పల్లె దాకా వెళ్లేవాళ్లం. వంతెన దగ్గర చేప పెట్టిన బన్ను కొనుక్కుంటే సగం సముద్రపు పక్షుల పాలయ్యేది. నీళ్లు చల్లగా ఉన్నాయని పోర్చుగీసులో నువ్వు తిట్టిన తిట్లు నాకిప్పటికీ నోటికొచ్చు.

ఆగస్టు పద్నాలుగున వరండాలో ఫోను మోగింది. అత్తిపళ్లు అయిపోయేలోగా రమ్మని రాసిన మీ అమ్మమ్మ పోయింది. నువ్వు రైళ్లు మారి చేరేసరికి మట్టి చేసి ఒక రోజయింది. తిరిగొచ్చాక నువ్వు ఏడవలేదు. తప్పు నాదే వీబ్కే, బోర్డు నేను చూసుకోవద్దూ అన్నావు. ఇరవై తొమ్మిదేళ్లయినా ఇప్పటికీ ప్రతి ఏటా విద్యార్థులకి అదే చెబుతున్నావు, నాలా బద్ధకించకండి అని. వాళ్లు నవ్వుతారు. వాళ్లతో పాటు నువ్వూ నవ్వుతావు. నీ పక్కన నిలబడి నేను ఆ నవ్వు వినలేను.

ఇక ఉంటాను. పిల్లలకు నా ముద్దులు.

ఆ గదిలో నీ సగం,
వీబ్కె

తా.క.: పరీక్షకు ముందురోజు సాయంత్రం బోర్డు అద్దం మీద అంటించిన చీటీ నేను చూశాను. సరిగ్గా పదికి, పావుగంట లేదు అని ఉంది. గదికి రాగానే, బోర్డు మీద కొత్తగా ఏమైనా ఉందా అని నువ్వు అడిగావు. ఏమీ లేదన్నాను. ఆ వారమే వెళ్లిపోతావు కదా, ఒక్క వేసవి ఉంచుకుందామనుకున్నాను. అప్పటికే మీ అమ్మమ్మ ఉత్తరం నాకు చదివి వినిపించావు. తెలిసే చేశాను. తప్పు నీది కాదు గ్రాసా, ఏనాడూ కాదు.

నాలుగో తారీకు సభ సరిగ్గా పదికి. పావుగంట లేదు. వస్తావో రావో నీ ఇష్టం, టైము మాత్రం ఈసారి చెబుతున్నాను.