నక్షలో లేని చెట్టు

గోదావరిఖని, ఫిబ్రవరి 1974

లస్మక్కకు తమ్ముడు ఓదెలు రాసేది, ఇక్కడ మేమంతా కులాసా. బొగ్గుబాయి కంపెనీకి మన చేను పోయిన చోట కొత్త కాలనీకి పార్కు వేస్తున్నారు, నేనూ ఆ పనిలోనే ఉన్నాను. అవ్వ పెట్టిన మామిడిచెట్టును పూత మీద ఉండగానే పోయిన వారం కొట్టించారు. "ఉన్న చెట్టునే ఉంచుర్రి సారూ" అన్నాను. "నక్షల చెట్టు గాడ లేదు, గీడ ఉన్నది" అని ఓవర్సీరు నాలుగడుగుల అవతల ఉత్త నేల చూపించాడు. అక్కడ జానెడు మొక్క పెట్టించి, నీళ్ళు పోసే డ్యూటీ నాకే వేశాడు.

నీ దగ్గరున్న అవ్వకు దగ్గు తగ్గిందా? ఈసారి తొక్కుకు కాయలు బావను కొనుక్కురమ్మను. పిల్లలకు దీవెనలు. అవ్వ అడిగితే, ఈ ఏడు చెట్టు కాయలేదని, నేను రోజూ నీళ్ళు పోస్తున్నానని చెప్పు. రెండూ అబద్ధాలు కావు.