మూటలు ఎవరింట్లో ఉన్నాయి

పాళెం,
మే పది.

చిరంజీవి సుభాషిణిని మీ అవ్వ పిచ్చమ్మ కడుపారా దీవించి రాసుకునేది.

నీ దగ్గు తగ్గిందా? సుద్దముక్కల పొడి గొంతులో పేరుకుపోయి ఉంటుంది. సెలవుల్లోనైనా ఆ గొంతుకు కాస్త విశ్రాంతి ఇవ్వు. మీ ఆయన చిన్నబాబు నడుము నొప్పి ఎట్లా ఉంది? నాయుడుపేట హైవే మీద లారీల మధ్య బండి తోలుతాడని తలుచుకుంటే నాకు అన్నం దిగదు. మీ అత్తగారి కాలి పుండు మానిందా? షుగరు మనిషి, చెప్పులు లేకుండా బయటికి పోనివ్వబాక. చంటిదానికి పళ్ళు వచ్చే జ్వరమే అన్నావు, పళ్ళదేనా, డాక్టరుకు చూపించావా? ఇక్కడ మీ అమ్మ గంగాభవాని ఎప్పటి మాదిరే ఉంది. నాకు ఎడమ కన్ను మసక. అక్షరాలు కోతికొమ్మచ్చి ఆడినట్టు ఉంటే నవ్వుకోబాక, నేను చదివింది మూడో తరగతి.

ఫోను ఉండగా ఉత్తరమేందని నీకు అనుమానం వస్తుంది. ఫోనులో మాట్లాడితే మీ అమ్మ పక్కనే ఉంటుంది. ఇది మీ అమ్మ చెవిన పడకూడని సంగతి.

మొన్న నువ్వు చెప్పావు కదా, తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రపంచ చరిత్ర ఏడాది పొడుగునా ఏ వారం ఏ పాఠం చెప్పాలో నిన్నే రాసి ఇమ్మన్నారని. లోకమంతటినీ ఒక ఏడాదిలో ఎట్లా ఇరికించేది అవ్వా అని ఏడ్చినంత పని చేశావు. నాకు అప్పటి నుంచి అదే దిగులు. రాయలేకపోతే ఉద్యోగం తీసేస్తారేమో, రాసినా పెద్దసారుకు నచ్చదేమోనని. కార్తీకం వానలకు బడి మూస్తారు, పెద్ద యుద్ధం పాఠం అప్పుడు పెట్టుకోబాక, సగంలో ఆగిపోతే పిల్లలకు ఎవరు గెలిచారో కూడా తెలియదు.

ఫ్రాన్సు రాజు తల తీసిన పాఠం చదివి వినిపించావు. అది నాకు కతలాగే ఉండింది. తరవాత జర్మనీ పాఠం చెప్పావు. ముందు యూదులనే వాళ్ళ అంగళ్ళలో కొనడం మానేశారు, తరవాత పక్కింటి వాళ్ళు పలకరించడం మానేశారు, పిల్లలను వేరే బల్లల మీద కూచోబెట్టారు అన్నావు. అక్కడ నేను మాట్లాడలేదు. సిగ్నలు పోయిందని నువ్వు హలో హలో అన్నావు. సిగ్నలు పోలేదమ్మా. ఫోను కింద పెట్టి వాకిట్లోకి పోయాను.

ఆ పెద్ద తుఫాను వచ్చిన ఏడాది మీ అమ్మకు ఆరేళ్ళు. పాళెంలో ఇళ్ళు ఎగిరిపోయినాయి, పడవలు ముక్కలైనాయి. గవర్నమెంటు బియ్యం మూటలు పంపింది. అవి పాళెం పెద్ద కామాక్షయ్య ఇంట్లో దిగినాయి, అక్కడే ఉండిపోయినాయి. తరవాత ఒక ఆఫీసరు జీపులో వచ్చి అందరికీ అందిందా అని అడిగాడు. మగవాళ్ళందరూ తల వంచుకుని నిలబడ్డారు. మీ తాత గంగులయ్య ఒక్కడే నోరు తెరిచాడు. "మాకు గింజ రాలేదు సారూ. మూటలు కామాక్షయ్య ఇంట్లో ఉండాయి" అన్నాడు. ఆఫీసరు విచారిస్తామని జీపెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రమే వలలు ఆరేసే దిబ్బ మీద పంచాయితీ పెట్టి మమ్మల్ని వెలి వేశారు. బయటివాడి దగ్గర పాళేన్ని దొంగ అన్నవాడు పాళెం మనిషి కాదన్నాడు కామాక్షయ్య. ఇక మాతో ఎవరూ మాట్లాడకూడదు. పొయ్యిలోకి నిప్పు ఇవ్వకూడదు, బావి దగ్గర చెంబు తగలకూడదు, మీ తాతను ఏ పడవలోనూ ఎక్కించుకోకూడదు. మాట్లాడినవాడు తప్పు డబ్బు కట్టుకోవాలి. మీ అమ్మతో ఇసుకలో ఆడుకునే పిల్ల మొహం తిప్పుకుని పోతే, మీ అమ్మ వెనకాల పరిగెత్తి "నేను గంగనే, నేను గంగనే" అని అరిచింది. గుర్తుపట్టలేదనుకుంది. తరవాత అరవడం మానేసింది. గుడిసె వెనక కూచుని ఆల్చిప్పలతో గుసగుసగా మాట్లాడుకునేది. మీ అమ్మకు చిన్నప్పుడు జ్వరం వచ్చి గొంతు పడిపోయిందని నీతో ఇన్నాళ్ళూ అన్నాను. జ్వరం కాదు. ఆ గుసగుసే మీ అమ్మకు గొంతుగా మిగిలిపోయింది.

ఇప్పుడు నాకు కావలసింది చెబుతాను. కామాక్షయ్యకు ఎనభై దాటినాయి, ఇంకా పాళెంలో అందరూ లేచి నిలబడతారు. ఆయన మనమరాలు కామాక్షి నీ బడి హాస్టల్లోనే ఉండి చదువుకుంటుంది, ఈ జూనుకు నీ తొమ్మిదో తరగతిలోకి వస్తుంది. జర్మనీ పాఠం అయిన వెంటనే మన పాళెం పాఠం పెట్టు. పేరుతో సహా పెట్టు. ఆ పిల్ల బెంచీలో కూచుని తాత పేరు వినాలి. అది ఏడుస్తూ ఇంటికి ఫోను చేస్తే ఆయన వినాలి. ఇన్నేళ్ళు నేను ఏ దేవుడినీ ఇది తప్ప అడగలేదు.

గ్యాసు సిలిండరు రాత్రిపూట కట్టేస్తున్నావా?

ఇట్లు,
నీ అవ్వ పిచ్చమ్మ.


పాళెం,
మే ఇరవై నాలుగు.

సుభాషిణికి అవ్వ దీవెనలు.

నీ జాబు అందింది. చదివి రెండు పూటలు నీ మీద కోపంతో అన్నం తినలేదు. పిల్లలు ఉన్న తరగతిలో ఒకరి తాత పేరు ఎత్తనని రాశావు. మీ తాతను దిబ్బ మీద నిలబెట్టినప్పుడు పిల్లలు ఉన్నారా లేదా అని ఎవరైనా చూశారా? జర్మనీ పాఠం తరవాత రెండు వారాలు ఖాళీగా పెట్టావట, మీ ఊళ్ళో పుస్తకంలోకి ఎక్కని సంగతి ఏముందో పెద్దవాళ్ళను అడిగి రమ్మని పిల్లలందరికీ ఫోనుల్లో సెలవుల పని పంపావట. ఇది కప్పదాటు పని అనుకున్నాను. తొందరపడ్డాను. నువ్వు పంపిన పని ఇక్కడ ఏం చేసిందో విను.

సెలవులకు ఇంటికి వచ్చిన ఆ పిల్ల కామాక్షి ఇల్లిల్లూ తిరిగింది. ఎవరిని అడిగినా తుఫాను తుఫాను అంటున్నారట, వెలి మాట మాత్రం ఎవరో నోరు జారినట్టుంది. మన ఇంటికి కూడా వచ్చి గడపలో కూచుంది. మంచి పిల్లే, తాత ముక్కు. "అవ్వా, ఈ పాళెంలో ఎవురినో వెలేసినారంట గదా, ఎందుకేసినారు?" అని అడిగింది. నేను ఎన్నేళ్ళుగానో నోట్లో నమిలి పెట్టుకున్నదంతా ఆ పిల్ల మొహాన ఊయడానికి లేచాను. ఇంతలో వంటింట్లోంచి మీ అమ్మ మెల్లిగా అనింది: "మా నాయన అబద్ధం చెప్పినాడు పాపా. అందుకని ఏసినారు."

నువ్వు ఇది తెలుసుకోవాలి. వెలి ఏడాది పైన నడిచింది. మీ అమ్మ ఇట్లా మూగదై పోతుందని మీ తాత భయపడి, చివరికి తడిబట్టతో దిబ్బ మీద మోకాళ్ళ మీద కూచున్నాడు. మూటలు కామాక్షయ్య ఇంట్లో లేవు, నేను అబద్ధం చెప్పాను అని పోలేరమ్మ మీద ప్రమాణం చేశాడు. అప్పుడు వెలి ఎత్తేశారు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని అంతా చూసింది. ఆ రోజు నుంచి తండ్రి పక్కన కూచుని అన్నం తినలేదు. తన నోరు తండ్రి అబద్ధం వల్లే పోయిందని దాని లెక్క. మూటలు నా కళ్ళతో చూశానే అని నేను ఎన్నిసార్లు చెప్పినా, "నీ మొగుడని ఎనకేసుకొస్తా ఉండావు" అంటుంది. ఆయన పోయిన రోజు కూడా గోడ వైపు తిరిగి కూచుంది. ఆయన ప్రాణం పోయే ముందు తలుపు వైపే చూశాడు సుభా.

అందుకే ఇది నా నోటితో తేలేది కాదు. కామాక్షయ్య నోటితోనే మీ అమ్మ చెవిలో పడాలి.

మరునాడు కామాక్షయ్య కర్ర పట్టుకుని మన వాకిట్లోకి వచ్చాడు. మీ అమ్మ నీళ్ళకు పోయి ఉంది. నేను కూచోమనలేదు, మాట్లాడలేదు. రొయ్యల తలలు ఒలుస్తూ ఉన్నాను. ఎండ ఎట్లా ఉందో చెప్పాడు. మోకాళ్ళ సంగతి చెప్పాడు. ఆయన ఆగినప్పుడల్లా నేను ఇంకో రొయ్య తీసుకున్నాను. ఏడాది పైన నేను తిన్న మౌనం ఎట్లా ఉంటుందో ఆయన పూట సేపైనా తిననీ అనుకున్నాను. ఆయన ఎండలో నిలబడి ఉంటే పడిపోతాడేమోనని ఒక పక్క భయం, పడితే పడనీ అని ఒక పక్క.

చివరికి ఆయనే అన్నాడు. "పిల్లకాడ నా పేరు ఎత్తబాక పిచ్చమ్మా. అది ఒక్కటే నన్ను మనిషిగా చూసేది."

"మూటలు యాడుండాయి?" అన్నాను.

కర్ర వైపు చూసుకుని, "మా ఇంట్లో" అన్నాడు. విన్నది నేనొక్కదాన్నే. నేను వింటే ఏం లాభం?

అప్పుడు చెప్పాను, ఇదే మాట సుభాషిణి బడికి వచ్చి తొమ్మిదో తరగతి ముందర చెప్పాలని. ముందు బెంచీలో నా కూతురు గంగ కూచుంటుంది, దాని పక్కన నీ మనమరాలు. నువ్వు రాకపోతే నేను వచ్చి నీకంటే ఎక్కువ చెబుతాను అన్నాను. ఆలోచించుకుంటానని పోయాడు. నిన్న మనిషి చేత కబురు పంపాడు, వస్తానని.

నువ్వు ఖాళీగా పెట్టిన రెండు వారాలూ నిండినాయి చూడు. పెద్దసారు ఒప్పుకుంటాడా? ఒప్పుకోకపోతే నీ ఉద్యోగానికి ఏమన్నా ముప్పు వస్తుందా? అది కూడా ఆలోచించి రాయి. బస్సులో ఆయన పక్క సీట్లో నన్ను కూచోబెట్టబాక.

ఇట్లు,
నీ అవ్వ.


పాళెం,
జూన్ ఒకటి.

నా బంగారు సుభాషిణికి అవ్వ రాసేది.

పెద్దసారు ఒప్పుకున్నాడని రాశావు. ఆయనకు వద్దని చెప్పు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

బడికి పోతున్నామని మీ అమ్మకు చెప్పక తప్పలేదు, అంత దూరం ఎందుకో చెప్పకుండా మంచి చీర కట్టుకోమంటే కట్టుకునే మనిషి కాదు. కామాక్షయ్య అక్కడ నిలబడి మీ నాయన సంగతి చెబుతాడు, నిజమేందో నువ్వే విందువు అన్నాను. మీ అమ్మ వల అల్లుతూ ఉంది. చెయ్యి ఆపలేదు. "ఆ పిల్ల కూడా చూస్తా ఉంటుందా?" అని అడిగింది.

"అందుకే గదా అక్కడ పెట్టిందే" అన్నాను, కసిగానే అన్నాను.

"నేనూ చూసినాను గదమ్మా" అనింది మీ అమ్మ.

అంతే అనింది. మళ్ళీ అల్లుకుంది. నేను లేచి పోయి పొయ్యి దగ్గర కూచున్నాను, ఏం పొయ్యిలో పెడుతున్నానో నాకే తెలియలేదు. మీ తాత తడిబట్టతో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నా చేతిలో ఉండిన ఆ చిన్న చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలుసు. ఇప్పుడు ఇంకో పిల్లను పట్టుకొచ్చి అట్లాగే నిలబెట్టబోయాను. ఆ పిల్ల కూడా రేపు తాత పక్కన అన్నం తినదు, గొంతు లోపలికి పోతుంది. అది నాకు అక్కర్లేదు. కామాక్షయ్య మీద నాకు జాలి వచ్చిందని మాత్రం అనుకోబాక. రాలేదు, రాదు.

నిన్న సాయంత్రం నేనే ఆయన ఇంటికి పోయాను. వెలి తరవాత ఆ గడప తొక్కడం ఇదే మొదలు. కూచోమన్నాడు, కూచోలేదు. బడికి రానక్కర్లేదు అన్నాను. ఆయన మొహం తేటపడింది, చేతులు జోడించబోయాడు. ఆగు అన్నాను. ఎక్కడైతే నా మొగుడి చేత అబద్ధం ఆడించావో ఆ దిబ్బ మీదే నిలబడి, మూటలు నా ఇంట్లో ఉన్నాయి, గంగులయ్య చెప్పింది నిజం అని చెప్పాలి. గవర్నమెంటు సముద్రం వేట ఆపించిన రోజులు ఇంకా అయిపోలేదు, మగవాళ్ళందరూ పాళెంలోనే ఉన్నారు, ఆ నాటి వాళ్ళలో మిగిలినవాళ్ళు కూడా వస్తారు. గంగ నీ ఎదురుగా నిలబడుతుంది, దాని మొహం చూసి చెప్పాలి అన్నాను.

"మరి పిల్ల?" అన్నాడు.

"దానికి ముందే నువ్వు చెప్పుకో. ఇంట్లో, ఒక్కదాన్ని ఎదురుగా కూచోబెట్టుకుని, నీ నోటితో. జనంలో నిలబడి అది ఈ మాట కొత్తగా వినకూడదు."

ఆయన గోడకు ఆనుకున్నాడు. "దానికంటే బడికి పొయ్యి అందరి ముందర చెప్పడమే మేలు పిచ్చమ్మా."

"నాకు తెలుసు" అన్నాను.

వచ్చేశాను. రాగానే బీపీ మాత్ర వేసుకున్నాను, నువ్వు కంగారు పడబాక. ఈ పొద్దు మధ్యాహ్నం ఆ పిల్ల కళ్ళు ఉబ్బించుకుని మన ఇంటి ముందు నుంచి పోయింది. పోతూ పోతూ ఆగి, మీ అమ్మను "గంగక్కా" అని పిలిచింది. మీ అమ్మ "ఏందిమే" అనింది, వీధిలోకి వినపడేటట్టు.

కాబట్టి నీ రెండు వారాల పాఠం ఇప్పుడే రాయబాక. వచ్చి విని రాసుకో. పేర్లు వద్దులే. పిల్లలకు పేర్లు లేకపోయినా అర్థమవుతుంది, అర్థం కాకపోతే నువ్వున్నావు చెప్పడానికి. చంటిదాన్ని ఎండలో తేబాక, మీ అత్తగారి దగ్గర వదిలిపెట్టు, ఆమె కాలు బాగుంటేనే. బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టబాక. ఆయన ఒప్పుకుని కబురు పంపాడు, పదింటికి దిబ్బ మీద చేరుతున్నారు, అందుకని తొలి బస్సుకే బయలుదేరు. మీ అమ్మ పక్కన నువ్వు ఒక వైపు, నేను ఒక వైపు నిలబడాలి.

జూన్ ఏడు, ఆదివారం.

ఇట్లు,
గంగులయ్య భార్య,
నీ అవ్వ పిచ్చమ్మ.