కాకుల బండికి చిన్న బోర్డు

ఆదివారం రాత్రి

ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలడానికి చేసిన నా బండి ఇవాళ పరుగెత్తింది! బలంగా ఉంటుందని నిన్నటిదాకా దానికి చక్రాల మోటార్లను నడిపే పెద్ద డ్రైవర్ బోర్డు పెట్టాను. అది బ్యాటరీ కరెంటు తానే తినేసి వేడెక్కేది, బండేమో ఇసుకలో పాకేది. వేలెడేసి కవళ్ళ చేపలు ఆరబెడుతూ అమ్మ ఒకటే నవ్వు.

"ఒసే, కవళ్ళకి సొర వల ఏస్తారేటే?"

ఆ మాటతోనే దాన్ని తీసి వేలెడంత బోర్డు పెట్టాను. కాకులన్నీ లేచిపోయాయి. చక్రం ఇసుకలో కూరుకుపోతే ఇంత చిన్నది తట్టుకుంటుందా అని దిగులు మాత్రం ఉంది.

ఇప్పుడు చూస్తే బోర్డు నిండా గ్రీజు! పడవ ఇంజను వైర్లకు పూసినట్టే నాన్న పూసేశాడు.

"ఉప్పుగాలికి తుప్పట్టేస్తాది గదే!"

ఇన్నాళ్ళూ నా బండిని ఆటబొమ్మ అన్న మనిషి. తుడవబుద్ధి కాలేదు.