ఊడ్వని సగం

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

పెరటి తోటల గురించి మీ విద్యార్థినులకు ప్రసంగించమని నన్ను ఆహ్వానించినందుకు కృతజ్ఞతలు. అయితే ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించిన నాకంటే ఆ వేదికకు తగినవారు మా పొరుగింటి సొంబారమ్మ గారు.

ఫాల్గుణంలో నేను టమాటా, బంతి నారు నాటి, మడిని రోజూ అద్దంలా ఊడ్చేదాన్ని. ఒకనాడు ఆవిడ కాఫీ తోటలోని ఎండుటాకులు గంపతో తెచ్చి మొక్కల చుట్టూ పరిచేశారు. నేను వారించబోయాను.

"ఒంటిమీద గుడ్డ తీసీసి ఎండలో నిలబెడితే నువ్వూరుకుంటావేటి, టీచరమ్మా?" అన్నారు.

పంతం కొద్దీ సగం మడిని ఊడుస్తూనే ఉన్నాను. చైత్రానికి ఆ సగం మాడిపోయింది. ఆకులు కప్పిన సగానికి రెండు రోజులకొకసారి నీళ్లు పోస్తే చాలింది. మొదలు కుళ్లకుండా కాండం చుట్టూ రెండు వేళ్ల జాగా వదలాలని నేర్పిందీ ఆవిడే. ఇప్పుడక్కడ బంతిపూలు నా నడుమెత్తున విరగబూశాయి.

మీ సభకు రమ్మని ఆవిడను అడిగాను.

"సంత మానీసి నానెక్కడికీ రాను. మీ కాలేజీనే ఓ రోజు ఆగమను" అన్నారు.

మీరు నిర్ణయించిన శుక్రవారమే మా సంత. దయచేసి తేదీ మార్చండి. నా కోసమైతే అడిగేదాన్ని కాదు.

భవదీయురాలు,
విశ్రాంత అధ్యాపకురాలు, అరకులోయ