నువ్వు తట్టని తలుపు

మా కిరణ్‌ని కారుతో గుద్దావు. దిగి, వాడి మీదికి ఒక్క నిమిషం వంగి, మళ్ళీ కారెక్కి పోయావు. ఎదురింటి కెమెరాలో నీ వీపే పడింది. మేం చదువుకోడానికి ఈ దేశమొచ్చి ఉంటున్న క్లేటన్‌లో, మా అద్దింటి మలుపులో, పట్టపగలు. యూనివర్సిటీకి సైకిల్ మీద బయల్దేరినవాడు అక్కడే పోయాడు. ఇవాళ్టికి ఏడాది. కొత్తగా ఏమీ దొరకలేదని పోలీసులు నిన్ననే ఫోన్ చేశారు.

నేను చదువు మానేసి గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాను. నాతో పనిచేసే నార్వే అమ్మాయిని అడిగాను, "మీ భాషలో హంతకుణ్ణి ఏమంటారు?" అని.

"ఎలాంటి హంతకుణ్ణి?"

"అందులోనూ రకాలా తల్లీ!"

రెండు మాటలు చెప్పింది, ద్రాప్స్‌మన్, ముర్దర్. లైబ్రరీలో కూర్చుని వాటి పుట్టుక వెతికాను. మొదటిదానికి మూలం కొట్టడం. రెండోదానికి పాత అర్థం గుట్టుగా చంపడం. పూర్వం అక్కడ మనిషిని చంపినవాడు దగ్గరి ఇంటికి వెళ్ళి "నేనే చంపాను" అని చెప్పాలట. చెప్పకుండా దాక్కున్నవాడికే ఆ రెండో పేరు. అదే నీ పేరు.

దగ్గరిల్లు మాదే. ఆ వేళ నేను లోపల అన్నం వారుస్తున్నాను.

ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కిరణ్ వాళ్ళమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేస్తుంది. "ఆఖర్న వాడేమైనా అన్నాడా నాన్నా?" అంటుంది. "తెలీదు పిన్నీ," అంటాను. తెలిసింది నీకొక్కడికే.

ఇది నీకు చేరదు. అయినా అడుగుతున్నాను. వాడేమన్నాడో వచ్చి చెప్పు. ఏమీ అనకపోతే అదైనా చెప్పు. ఈ ఆదివారం ఆవిడ ఫోన్ చేసేలోపు.