మూలగడం ఆపి ఇటు తిరుగు

నానమ్మా,

బీపీ మాత్ర టిఫిన్ తిన్నాకే వేసుకో. పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. బల్ల మీద నర్సింగ్ కాలేజీ ఎంట్రన్స్ పుస్తకాలున్నాయి, సర్దకు. సర్దావంటే నాకు ఒక్కటీ దొరకదు.

నేను పాసయ్యాను! నువ్వు నడకకి వెళ్లగానే నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ వచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఇప్పుడే డ్యూటీకి రమ్మన్నారు. అందుకే ఈ పరుగు.

పరీక్షలో ఏమైందో నీకు చెప్పలేదు, సిగ్గేసి. మంచం మీద రోగిలా పడుకోబెట్టిన బొమ్మని పక్కకి తిప్పుతూ, అలవాటు కొద్దీ "నానమ్మా, మూలగడం ఆపి ఇటు తిరుగు" అనేశాను. పరీక్ష పెట్టిన మేడమ్ పడీపడీ నవ్వింది. తప్పంతా నీదే. ప్రాక్టీసుకని పక్షవాతం వచ్చినట్టు పడుకోమంటే, లోకంలోని జబ్బులన్నీ నీకే వచ్చినట్టు మూలిగావు. ఏ రోగీ అంత మూలగడు. కానీ మేడమ్, "బొమ్మతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది నువ్వొక్కదానివే" అంటూ మార్కులు వేసింది.

సర్టిఫికెట్ ఈ చీటీ కిందే ఉంది. ముందు నువ్వే చూడు. అమ్మకి నేనొచ్చి చెబుతాను, నోరు జారకు.

అన్నట్టు, నర్సింగ్ కాలేజీలో సీటొస్తే ఇంజెక్షన్లు కూడా నేర్పుతారట. పారిపోకు.